చేప చేవ్రాలు: మాడుగుల వారి వంశముద్ర



మాడుగుల అనగానే మనలో చాలామందికి హల్వా గుర్తుకొస్తుంది. అది సహజమే. అయితే ఈ రోజు నేను చెప్పబోయేది మాడుగులకు చెందిన ఇంకో సంగతి. చోడవరం నుంచి పాడేరు బస్సెక్కితే దారిలో వడ్డాది వస్తుంది. ఆ తర్వాత మాడుగుల. మాడుగుల దాటితే ఘాట్ రోడ్డు, మలుపులన్నీ తిరిగి పైకెక్కితే పాడేరు. వడ్డాదికీ, మాడుగులకీ, పాడేరు కొండలకీ వందల ఏళ్ల పాటు ఉమ్మడిగా ఒక బొమ్మ ఉండేది. అది చేప బొమ్మ.

పాడేరు చుట్టుపక్కల కొండలు ఒకప్పుడు మాడుగుల జమీందారుల ఏలుబడిలో ఉండేవి. ఆ జమీందారులు కాగితం మీద సంతకం చేయాల్సి వస్తే పేరు రాసేవారు కాదు, చేప బొమ్మ గీసేవారు. అదే వారి చేవ్రాలు. విశాఖపట్నం జిల్లా గెజెటీరును 1907లో తయారుచేసిన డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే దొర మాడుగుల వారి చేప సంగతి అందులో నమోదు చేశాడు. ఆయన చెప్పినదాన్ని బట్టి వారి పట్టాభిషేకం చేప ఆకారంలో చెక్కిన రాతి సింహాసనం మీద జరిగేది. వారి జెండాల మీద చేప ఉండేది. సంతకం చేప. వారి ఆశ్రితుల్లో కొందరు చెవులకు చేప ఆకారపు పోగులు పెట్టుకునేవారు.

శ్రోతలారా, ఈ నాలుగు చోట్లనూ ఒక్కసారి వరసగా ఊహించుకోండి. రాజు కూర్చునే రాయి, ఊరేగింపులో ఎగిరే గుడ్డ, హుకుం రాసిన కాగితం, నౌకరు చెవి. ఒక వంశం తన గుర్తును ఇంత దూరం తీసుకుపోవడం మన జమీందారీల చరిత్రలో తరచుగా కనిపించదు. చాలా సంస్థానాల ముద్రలు దివాణం పెట్టెలో తాళం కింద ఉండిపోయేవి. మాడుగుల ముద్ర మనుషుల ఒంటి మీద తిరిగింది.

అసలు చేపే ఎందుకు? దీనికి జవాబు మాడుగుల జమీందారీ కంటే చాలా పాతది.

వడ్డాదిని పాత శాసనాల్లో ఒడ్డవాది అన్నారు. అక్కడి నుంచి పాలించిన రాజులు తమది మత్స్యవంశమని చెప్పుకున్నారు. మాడుగుల జమీందారులు తాము వారి సంతతివారమనేవారు. సింహాచలం గుడి శాసనాల్లో వీరి పేర్లు కనిపిస్తాయి. వీరిలో అర్జునుడనే రాజు శకవర్షం 1191లో, అంటే క్రీస్తుశకం 1269లో, ఒక అగ్రహారం దానమిచ్చి రాగిరేకుల మీద శాసనం చెక్కించాడు. ఇవే దిబ్బిడ రాగిరేకులు. దిబ్బిడ అంటే నేటి దిబ్బిడి, వడ్డాదికి దగ్గరి ఊరే, ఇప్పటి అనకాపల్లి జిల్లా బుచ్చెయ్యపేట మండలంలో ఉంది. ఆ రేకులను చదివి, పరిష్కరించి, ఎపిగ్రాఫియా ఇండికా ఐదో సంపుటంలో అచ్చువేయించినది ఎవరో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వాడుకభాష కోసం పోరాడిన, సవర భాషకు వ్యాకరణం రాసిన ఆ గిడుగే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, ఎవరూ అడగకుండానే కొండవాళ్ల భాషలనూ కొండల చరిత్రనూ నెత్తికెత్తుకున్న మనిషి. ఈ చేప కథ మనదాకా రావడానికి కూడా ఆయనే కారకుడు కావడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం.

ఆ శాసనంలో వంశం పుట్టుక ఇలా ఉంది. నారంగుడనే ముని మత్స్య అనే నది ఒడ్డున తపస్సుకు కూర్చున్నాడు. తపస్సు చెడగొట్టడానికి ఇంద్రుడు మంజుఘోష అనే అప్సరసను పంపాడు. ముని కోపించి ఆమెను ఆ నదిలోనే చేపగా పడి ఉండమని శపించాడు. ఆ చేపకు ముని వల్ల ఒక కొడుకు పుట్టాడు. అతడే సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు ఆ పిల్లవాడి గొప్పతనం తెలుసుకుని, తన కూతురు ప్రభావతినిచ్చి పెళ్లి చేసి, ఒడ్డవాది దేశాన్ని ఏలుకోమని నిలబెట్టాడు. అర్జునుడు ఆ సంతతివాడు.

మహాభారతం చదివినవారికి ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఆదిపర్వంలో అద్రిక అనే అప్సరస శాపం వల్ల చేపగా మారి యమునలో ఉంటుంది. ఆమె కడుపున కవలలు పుడతారు. ఆడపిల్ల సత్యవతి, వ్యాసుడి తల్లి. మగపిల్లవాడు మత్స్యరాజవుతాడు. ఒడ్డవాది ఆస్థానంలో శాసనం రాసిన పండితుడికి ఈ కథ కంఠస్థం అయి ఉంటుందని నేను అనుకుంటున్నాను. యమునకు బదులు తమ కొండల్లోని నదిని పెట్టాడు. అద్రికకు బదులు మంజుఘోషను పెట్టాడు. ఇంతవరకు అది పండితుడి పని. కానీ చేపను మాత్రం ఆయన పుస్తకంలోంచి తేలేదు. ఆ నదిలో చేప ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అక్కడికి వస్తాను.

దానికంటే ముందు రాజముద్ర చేసే పనేమిటో రెండు మాటలు చెప్పాలి.

రాగిరేకుల శాసనమంటే మూడో, ఐదో రేకులుంటాయి. అన్నిటికీ ఒక బెజ్జం. ఆ బెజ్జాల్లోంచి రాగి కడియం దూర్చి, కడియం రెండు కొసలనూ ఒక లోహపు ముద్దలో కలిపి, ఆ ముద్ద మీద రాజముద్ర వేసేవారు. దొంగ రేకు ఒకటి ఇరికించాలన్నా, ఉన్న రేకు తీసేయాలన్నా కడియం కోయాలి. కోస్తే తెలిసిపోతుంది. అంటే ముద్ర మొదటి పని కాపలా. అందం తర్వాత వచ్చింది.

వేంగి చాళుక్యుల ముద్ర మీద వరాహం ఉంటుంది, పక్కన అంకుశం, సూర్యచంద్రులు, కింద పద్మం, మధ్యలో త్రిభువనాంకుశ అనే బిరుదు. కళింగ గాంగుల ముద్ర మీద పడుకున్న నంది. పల్లవులదీ వృషభమే. విష్ణుకుండినులది సింహం. కాకతీయుల ముద్రలోనూ, విజయనగరం ముద్రలోనూ మళ్లీ వరాహమే. దక్షిణాన పాండ్యులకు చేపలు. వీటిలో వరాహాన్ని చూడండి. విష్ణువు అనుగ్రహించాడని చాళుక్యులు తమ శాసనాల్లో చెప్పుకున్నారు. నంది శివుడి వాహనం. సింహం పరాక్రమానికి గుర్తు. అంటే ఇవి పైనుంచి వచ్చిన వరాలో, రాజు తనలో ఉందని చూపించాలనుకున్న గుణాలో.

మత్స్యులది వీటిలో దేనికీ సరిపోదు. చేపలో పరాక్రమం లేదు. వారి కథలో మత్స్యావతారం ప్రస్తావన కూడా రాదు. వారు చెప్పుకున్నది ఒకటే, అది మా తల్లి అని. జెండా మీద ఎగిరింది, సింహాసనంగా ఒడిలో కూర్చోబెట్టుకున్నది, కాగితం మీద నిలిచింది ఆ వంశపు తల్లి. ఈ కోణంలో చూస్తే చేప ఆకారపు రాతి మీద పట్టం కట్టుకోవడానికి ఎంత అర్థం వస్తుందో మీరే గమనించండి.

పడమటి దేశాల్లో వంశచిహ్నాల శాస్త్రమే ఒకటి ఉంది. యూరపులో పన్నెండో శతాబ్దం నుంచి యోధులు డాళ్ల మీద గుర్తులు వేయించుకున్నారు. ముఖం మీద ఇనుప తొడుగు ఉంటే ఎవరు ఎవరో తెలియదు కాబట్టి గుర్తు అవసరమైంది. తర్వాత ఆ డాలు గుర్తు కొడుక్కి, మనవడికి ఆస్తితో పాటు సంక్రమించింది. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన 1783లో సైనికాధికారులు సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి అనే సంఘం పెట్టుకున్నారు. అందులో సభ్యత్వం తండ్రి నుంచి పెద్దకొడుక్కి వెళ్లేలా నియమం రాసుకున్నారు. వారి పతకానికి గద్ద బొమ్మ రూపకల్పన చేసిన లాంఫాంట్ అనే ఇంజనీరే ఆ తర్వాత వాషింగ్టన్ నగరానికి పటం గీశాడు. అక్కడ ముందు సంఘం పుట్టింది. తర్వాత ఏ బొమ్మ పెట్టుకుందామని ఆలోచించి, ఒక నిపుణుడి చేత గీయించుకున్నారు. మన కొండల్లో క్రమం తిరగబడింది. బొమ్మకు మూలమైన ప్రాణి ముందు నుంచీ నీళ్లలో ఉంది. వంశం తర్వాత వచ్చి దాని పిల్లలమని చెప్పుకుంది.

ఇప్పుడు ఆ నీళ్ల దగ్గరికి వెళ్దాం.

పాడేరుకు పక్కనున్న హుకుంపేట మండలంలో మఠం అనే ఊరు దగ్గర మత్స్యగుండం ఉంది. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది, శాసనం చెప్పిన మత్స్య నదే, అక్కడి మీదుగా పారుతుంది. ముందుకు పోయి జలాపుట్ జలాశయంలో నిండి, డుడుమ దగ్గర జలపాతమై దూకి, మనకు కరెంటు ఇచ్చే నది ఇదే. ఎండ్రిక అనే పెద్ద కొండ అడుగున నదికి అడ్డంగా బండలు పరుచుకుని ఉంటాయి. నీరు ఒక బిలంలో పడి మాయమై, ఆ బండల కింది నుంచి నడిచి, కాస్త దిగువన మళ్లీ పైకి వస్తుంది. పైకి వచ్చిన చోట ఒక మడుగు. ఆ మడుగు నిండా చేపలు. మహసీర్ జాతివి. పెద్ద పెద్ద పొలుసులు, దళసరి పెదవులు, నోటి దగ్గర మీసాలు. కొండవాగుల్లో పెరిగే దొడ్డ చేపల్లో ఇదొకటి.

సుమారు నూట ఇరవై ఏళ్ల కిందట ఫ్రాన్సిస్ కాలానికి ఆ చేపలు ఎంత మచ్చికగా ఉండేవంటే, మనిషి చేతిలోంచి మేత తినేవి, వీపు నిమిరినా కదిలేవి కావు. వాటిని ఎవరూ పట్టకుండా మాడుగుల జమీందారులు కాపాడేవారు. అంతకంటే గట్టి కాపలా జనం భయభక్తులది. దానికొక కథ ఉంది. ఎద్దుల మీద సరుకు వేసుకుని కొండదారుల్లో తిరిగే బంజారా వర్తకుడొకడు అక్కడ మకాం వేశాడు. ఒక చేపను పట్టి కూర వండుకున్నాడు. చేపల రాజుకు కోపం వచ్చి శపిస్తే వాడూ, వాడి ఎద్దులూ అక్కడికక్కడే రాళ్లయిపోయారు. ఆ రాళ్లను చూపించి మరీ ఈ కథ చెప్పేవారు.

మడుగు పక్కన శివుడున్నాడు. మత్స్యలింగేశ్వరుడు. శివరాత్రికి జాతర. ఫ్రాన్సిస్ చూసేసరికి అది పూరికప్పు గుడి, పూజారి బగత తెగవాడు. శివరాత్రి పూజలో చేపలకు మేత వేయడం కూడా ఒక భాగం. ఇది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. జమీందారు చేప మీద కూర్చుని పట్టం కట్టుకుంటాడు, నిజమే. కానీ చేపకు తిండి పెట్టే హక్కు బగత పూజారిది. రాజు దగ్గర ఉన్నది రాతి చేప. కొండవాడి దగ్గర ఉన్నది బతికున్న చేప.

బగతలకూ మాడుగుల దివాణానికీ చాలా దగ్గరి సంబంధం ఉండేది. గొలుగొండ, మాడుగుల పాలకులకు భక్తితో కొలువు చేసి మొఖాసాగా భూములు పొందామని బగతలు చెప్పుకునేవారు. ఊరి పెద్దను పడాలు అనేవారు. కొన్ని ఊళ్లకు పైన ముఠాదారు. 1909లో వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో ఎడ్గర్ థర్‌స్టన్ బగతలను మంచినీటి చేపలు పట్టడంలో ఆరితేరినవారని రాశాడు. పొడవాటి ఈటెతో చేపను పొడిచి పట్టేవారట. దసరానాడు చేపల బుట్టలకు పూజ చేసేవారట. చేపలు పట్టడం తెలిసిన జనమే ఒక మడుగు దగ్గర మాత్రం ఈటె కింద పెట్టి మేత పట్టుకుని నిలబడ్డారు. చేపంటే ఏమిటో తెలియని వాడు దాన్ని వదిలేస్తే అందులో గొప్ప లేదు. రోజూ పట్టి తినేవాళ్లు ఇక్కడ పట్టకూడదని గీత గీసుకున్నారు, దాన్ని తరాల తరబడి దాటలేదు.

మత్స్యరాస అనే ఇంటిపేరు ఇప్పటికీ పాడేరు ప్రాంతంలో ఉంది. 2024లో పాడేరు నుంచి గెలిచిన శాసనసభ్యుడి ఇంటిపేరు కూడా అదే.

ఇక చేప ఒక్కటే కాదు. పాడేరు, అరకు, ముంచంగిపుట్టు, పెదబయలు సంతల్లో ఓ పూట నిలబడి ఇంటిపేర్లు వినండి. కిల్లో, కొర్రా, పాంగి, వంతల, గొల్లోరి. కిల్లో వారికి పులి. కొర్రా వారికి సూర్యుడు. పాంగి వారికి గద్ద. వంతల వారికి నాగుపాము. గొల్లోరి వారికి కోతి. ఈ ఇంటిపేర్లు ఒక్క తెగకే పరిమితం కావు. కోటియాల్లో, పోర్జాల్లో, గదబల్లో, వాల్మీకుల్లో ఉన్నాయి. సరిహద్దు దాటితే కొరాపుట్ వైపూ ఉన్నాయి. ఒకే గుర్తు ఉన్నవాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వారి మధ్య పెళ్లి కుదరదు. తమ గుర్తుగా ఉన్న ప్రాణిని చంపరు.

ఈ గుర్తులను ఎవరూ కాగితం మీద గీయలేదు. లక్క మీద ముద్ర కొట్టలేదు. అయినా ఒక వంశచిహ్నం చేయాల్సిన పనులన్నీ ఇవి చేస్తున్నాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతున్నాయి. తండ్రి నుంచి బిడ్డకు వస్తున్నాయి. ఎక్కడో తెలియని ఊరికి పోయినా, మీదేం గోత్రం అని అడిగి, మాదీ అదే అని చాప పరిచే ఇల్లు ఒకటి దొరికేలా చేస్తున్నాయి. పైగా యూరపు డాలు గుర్తులకు లేని షరతు ఒకటి వీటికి ఉంది. సింహం బొమ్మ డాలు మీద వేసుకున్న దొర సింహాన్ని వేటాడకూడదని ఎవరూ అనలేదు. ఇక్కడ గుర్తు పెట్టుకున్నవాడు ఆ ప్రాణికి బాధ్యుడు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఒడ్డవాది రాజులు కొండలకు తమ ముద్ర ఇచ్చారని నేను అనుకోవడం లేదు. కొండల దగ్గర నుంచే వారు ముద్ర తీసుకున్నారు. వంశకథను మళ్లీ చూడండి. అందులో అధికారం రెండు వైపుల నుంచి వస్తుంది. పిల్లనిచ్చింది ఉత్కళ రాజు, రాజ్యమూ ఆయనే ఇచ్చాడు. అది మైదానం వైపు నుంచి వచ్చిన అధికారం. కానీ కన్నది కొండనది, చేప. ఉత్కళ రాజు అల్లుడన్నంత మాత్రాన కొండవాళ్లు పన్ను కట్టరు. పులి బిడ్డలు, సూర్యుడి బిడ్డలు, నాగుపాము బిడ్డలు ఉన్న చోట, నేను చేప బిడ్డను అన్నవాడు ఆ వరసలో కూర్చోగలడు. చుట్టరికం కుదురుతుంది. అల్లూరి సీతారామరాజు కాలానికీ, అంతకు ముందు రంప పితూరీల కాలానికీ మన్యంలో పెత్తనం చేయాలని వచ్చి, ఏ చుట్టరికమూ కలుపుకోకుండా పన్నులూ, అడవి చట్టాలూ మాత్రమే తెచ్చినవారికి ఏం ఎదురైందో మనకు తెలుసు. మత్స్యుల పండితుడు కథను సంస్కృతంలో రాసి ఉండవచ్చు. అందులో ఉన్న తెలివి మాత్రం మన్యానిది.

చేవ్రాలుగా అక్షరాలు కాకుండా బొమ్మ ఉండడానికి ఇంకో కారణమూ కనిపిస్తుంది. ఆ హుకుం వెళ్లేది ఎవరి దగ్గరికి? ఘాటీలు ఎక్కి, రెండు మూడు రోజుల నడక దూరంలో ఉన్న ముఠాదారు దగ్గరికి, పడాలు దగ్గరికి. చుట్టూ నిలబడ్డవారిలో చదువొచ్చినవాడు ఒక్కడుండొచ్చు, లేకపోవచ్చు. కాగితం పైకెత్తి చూపిస్తే, అక్షరం ముక్క రానివాడికి కూడా అర్థమయ్యేది ఆ చేప ఒక్కటే. మైదానంలో కోర్టు కాగితాల మీద చదువురానివాడు నిశాని పెట్టేవాడు, చదువున్నవాడు సంతకం చేసేవాడు. మాడుగులలో ఏలేవాడే బొమ్మ గీశాడు. చదివేవాడి కోసం గీసిన ముద్ర కాదది, చూసేవాడి కోసం గీసినది.

రూపకల్పన కోణంలో కూడా చేప చాలా మంచి ఎంపిక. కలం ఎత్తకుండా గీయవచ్చు. ఒక వంపు పైకి, ఒక వంపు కిందికి, రెండూ తోక దగ్గర ఒకదాన్నొకటి దాటితే చేప. చిన్నదిగా గీసినా చేపే, జెండా అంత పెద్దదిగా గీసినా చేపే. రాతిలో చెక్కితే కూర్చోవడానికి వీపు ఉంది. బంగారంలో, వెండిలో, ఇత్తడిలో వంచితే చెవిపోగు అవుతుంది. వరాహాన్నీ, నందినీ ఇలా వాడలేం. కాళ్లూ కొమ్ములూ ఉన్న జంతువును చెవిపోగుకు కుదించేసరికి ఏమిటో తెలియకుండా పోతుంది. దేశంలో వేరే చోట్ల కూడా చేపకు పెద్ద మర్యాదే దక్కింది. మొగలులు మాహీ మరాతిబ్ అని చేప తల ఉన్న ధ్వజాన్ని గొప్ప గౌరవంగా ఇచ్చేవారు. అవధ్ నవాబులు జంట చేపలు పెట్టుకున్నారు, ఈనాటికీ ఉత్తరప్రదేశ్ రాష్ట్ర చిహ్నంలో రెండు చేపలున్నాయి. అయితే అవి కచేరీ చేపలు. ఒక ఫలానా మడుగులో, ఫలానా పూజారి చేతి మేత తిని పెరిగిన చేపలు కావు.

జమీందారీలు పోయాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. ఏజెన్సీలో ముఠాదారీ పద్ధతి మరికొంత కాలం సాగి, 1969 నాటి రెగ్యులేషన్‌తో రద్దయింది. చేప చేవ్రాలుకు ఇక చెల్లుబాటు లేదు. అది మంచికే జరిగింది. జమీందారుల పన్నుల కోసం, ముఠాదార్ల వెట్టి కోసం కంటతడి పెట్టాల్సిన పనిలేదు. కొండవాడు మోసిన బరువేమిటో కొండవాడికి తెలుసు. నేను గౌరవిస్తున్నది ఆ ముద్ర వెనక ఉన్న మడుగునూ, మడుగు వెనక ఉన్న నియమాన్నీ. చెల్లుబాటు పోయిన తర్వాత కూడా శివరాత్రి జాతర ఆగలేదు. మత్స్యగుండానికి జనం వస్తూనే ఉన్నారు.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాడేరు జిల్లా కేంద్రమైంది. కొత్త జిల్లా అంటే కొత్త కార్యాలయాలు, కొత్త కళాశాలలు, సహకార సంఘాలు, కాఫీ రైతుల సంఘాలు, ఆటల జట్లు. ప్రతిదానికీ ఒక ముద్ర కావాలి, ఒక బ్యాడ్జీ కావాలి, సంచి మీద ఒక బొమ్మ కావాలి. రాష్ట్రానికి అమరావతి శిల్పంలోని పూర్ణకుంభం ఉంది. 2018లో దాన్ని మళ్లీ శ్రద్ధగా, అమరావతి శైలికి దగ్గరగా తీర్చి ప్రకటించారు. అలాంటి శ్రద్ధ మన్యానికి కూడా దక్కాలి. ఇక్కడ బొమ్మ కావాలంటే చాలాసార్లు ఏం చేస్తున్నారు? విల్లూ బాణం, ధింసా ఆడే ఆడవాళ్ల నీడ, వెనక ఒక కొండ. చేసినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు. కానీ అది బయటినుంచి వచ్చి చూసినవాడి మన్యం. ఇక్కడివాళ్లు తమకు తాము పెట్టుకున్న గుర్తులు, తాము జవాబుదారీ వహించిన గుర్తులు వేరే ఉన్నాయి.

పాడేరులో బొమ్మలు గీసే కుర్రవాళ్లకు, అమ్మాయిలకు ఒక విన్నపం. చేపను గీస్తే పుస్తకంలో చేపను గీయకండి. పుస్తకాల్లో చేప ఎప్పుడూ పక్కనుంచి కనిపిస్తుంది, ఒక కన్ను, ఒక రెక్క. మత్స్యగుండం దగ్గర నిలబడ్డవాడికి చేప అలా కనపడదు. వాడు బండ మీద నుంచి కిందికి చూస్తాడు. వాడికి కనిపించేది వీపు. మేత వేస్తే పైకి తెరుచుకునే నోరు, నోటికి రెండు పక్కలా మీసాలు, పలకల్లాంటి పొలుసుల వరసలు. అలా పైనుంచి గీసిన చేపను నేను ఏ దేశపు వంశముద్రలోనూ చూడలేదు. మేత వేసేవాడి కంటితో గీసిన చేప అది. అది పాడేరు చేప అవుతుంది. చేపతో పాటు పులికీ, సూర్యుడికీ, గద్దకూ, పాముకూ, కోతికీ కూడా చోటివ్వండి. ఏ ఇంటివారి గుర్తు గీస్తున్నారో ఆ ఇంటి పెద్దల్ని అడిగి గీయండి. వాళ్లు వద్దంటే మానేయండి.

ఇక రెండో విన్నపం, పాత ముఠాదారుల ఇళ్లలో, పడాలుల ఇళ్లలో ఉన్నవారికి. అటక మీద ట్రంకుపెట్టెలో తాతల నాటి తాటాకులో, సన్నదులో, రశీదులో ఉంటాయి. ఒకసారి దించి చూడండి. కింద పేరు ఉండాల్సిన చోట చేప గీసి ఉంటే అది మాడుగుల చేవ్రాలు కావచ్చు. దాన్ని లామినేషన్ చేయించకండి, ఆ వేడికీ జిగురుకూ పాత కాగితం పాడైపోతుంది, మళ్లీ విడదీయడానికి వీలుండదు. మడతల మీద టేపు అతికించకండి. ముందు వెలుతురులో రెండు వైపులా ఫోటో తీయండి. తర్వాత ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి, పొయ్యి పొగకూ వాన చెమ్మకూ దూరంగా పెట్టండి. ఎవరైనా వచ్చి అడిగితే ఫోటో ఇవ్వండి, అసలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. తాటాకయితే చదవగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు, విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవారికి ఆ ఫోటో చూపించండి. ఏ ఊరికి, ఏ పని మీద ఆ హుకుం వచ్చిందో చదివించి, ఆ సంగతి మీ పిల్లల నోట్సు పుస్తకంలో తేదీతో సహా రాయించి పెట్టండి.